హుగ్లీ మిల్లుల మురుగు నుంచి మొదలైన ఫౌలర్ భారత ప్రయాణం

దక్షిణాది నుంచి కోల్‌కతా వెళ్లే తెలుగువాళ్లకు సంత్రాగాఛి అంటే రైలు దిగే స్టేషన్. స్టేషన్ పక్కనే ఉన్న చెరువుకు ఏటా చలికాలంలో వలస బాతులు వస్తాయి. చుట్టుపక్కల కాలనీల మురుగూ అందులోకే వస్తుంది. శుద్ధి కేంద్రం కట్టాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించినా, ఆ ఖర్చు రైల్వేదా, స్థానిక సంస్థలదా అన్న వాదనలోనే ఏళ్లు గడిచాయి.

ఈ హౌరా పరిసరాల్లో మురుగు తగవు కొత్తదేమీ కాదు. 20వ శతాబ్దం మొదట్లో హుగ్లీకి రెండు ఒడ్డులా జూట్ మిల్లులు ఉండేవి. బిహార్, ఒడిశాలతో పాటు గంజాం, విశాఖ జిల్లాల నుంచీ కూలీలు అక్కడికి వలస పోయారు. వాళ్ల కోసం మిల్లులు సెప్టిక్ ట్యాంకులు కట్టి, అందులోంచి వచ్చే నీటిని నదిలోకి వదిలేవి. కలకత్తాకు పల్తా దగ్గర, హౌరాకు శ్రీరాంపూర్ దగ్గర తాగునీరు తోడుతున్నది ఆ నది నుంచే. ఆ ట్యాంకులను పరిశీలించడానికి బెంగాల్ ప్రభుత్వం పిలిపించిన నిపుణుడు గిల్బర్ట్ జాన్ ఫౌలర్.

1868లో పుట్టిన ఫౌలర్ మాంచెస్టర్‌లో రసాయన శాస్త్రం చదివి, ఆ నగర మురుగునీటి విభాగంలో పనిచేశాడు. సెప్టిక్ ట్యాంకులో గాలి అవసరం లేని సూక్ష్మజీవులు మడ్డిని కొంతవరకు కరిగిస్తాయి. కానీ బయటికొచ్చే నీరు శుభ్రమైనది కాదు, రోగక్రిములూ పోవు. అందుకే మురుగుకు గాలి అందించడం మీద ఆయన దృష్టి పడింది. 1912లో అమెరికాలోని లారెన్స్ ప్రయోగ కేంద్రంలో మురుగులోకి గాలి ఊదే ప్రయోగాలు చూసి, తిరిగొచ్చాక ఆ పని కొనసాగించమని సహచరులు ఆర్డెర్న్, లాకెట్‌లకు సూచించాడు.

వాళ్లు చేసింది చూస్తే ఇంత తేలికా అనిపిస్తుంది. సీసాలో మురుగునీరు పోసి గాలి ఊదారు. మొదటిసారి పూర్తిగా శుద్ధి కావడానికి ఐదు వారాల దాకా పట్టింది. పైన తేరిన నీటిని వంచేసి, అడుగున మిగిలిన మడ్డిని మాత్రం పారేయకుండా దాని మీదే కొత్త మురుగు పోశారు. అలా పోస్తూ పోతే వారాల పని గంటల్లోకి వచ్చింది. మన ఇళ్లలో పాలు తోడుపెట్టడానికి నిన్నటి పెరుగు దాచుకోవడం లాంటిదే ఇదీ. 1914 ఏప్రిల్ 3న మాంచెస్టర్‌లో చదివిన పత్రంలో రచయితలుగా ఆర్డెర్న్, లాకెట్ పేర్లే ఉన్నాయి. ఫౌలర్ పేరు లేకపోయినా, ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లు దాచలేదు. ‘యాక్టివేటెడ్ స్లడ్జ్’ అని పేరు పడిన ఈ పద్ధతే నేటికీ ప్రపంచంలోని పెద్ద శుద్ధి కేంద్రాల్లో ఎక్కువగా నడుస్తోంది.

1916లో ఆయన బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ప్రొఫెసర్‌గా చేరాడు. అక్కడి జీవరసాయన విభాగం ఆయన చేతుల మీదుగానే మొదలైంది. భారత్‌లో ఆయన ఆలోచన మరో మలుపు తీసుకుంది. మురుగులోని నత్రజని నదిలో పడితే విషం, పొలంలో పడితే ఎరువు. దాన్ని మట్టికి తిరిగి చేర్చడం గురించి 1934లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. కోల్‌కతా తూర్పు శివారు భేరీల్లో మురుగునీటితో చేపలు పెంచినవాళ్లు, పుస్తకాలతో పని లేకుండా, దాదాపు ఇదే చేశారు.

ఈ రెండో సగం మన పురపాలక సంఘాలకు చేరలేదు. అందరూ అందుకున్నది గాలి ఊదే యంత్రాలనే. వాటికి రాత్రింబవళ్లు కరెంటు కావాలి, చూసుకునే మనిషి కావాలి. నిర్మాణానికి నిధులు దొరికినంత సులువుగా నెలనెలా బిల్లు కట్టే డబ్బు చిన్న పట్టణాలకు దొరకదు. బ్లోయర్ ఆగిపోతే గాలి అందక ట్యాంకులోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. మురుగు ఎలా వచ్చిందో అలాగే కాలువలోకి పోతుంది.

ఫౌలర్ 1953లో మరణించాడు. హుగ్లీ ఒడ్డున ఆయన నాటి జూట్ మిల్లుల్లో కొన్ని మూతపడ్డాయి. సెప్టిక్ ట్యాంకులు మాత్రం ఊరూరా పెరిగాయి.