282 మార్కుల భీమ్‌రావు



ఈ చిన్న పుస్తకం మీ చేతికి వచ్చేసరికి మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరో ఒక పిల్లో పిల్లాడో ర్యాంకు కోసం ఎదురుచూస్తూ ఉంటారు. ఇంజనీరింగుకో, మెడిసిన్‌కో, ఢిల్లీలోనో హైదరాబాదులోనో పేరున్న యూనివర్సిటీకో. రాత్రింబవళ్ళు చదివి సీటు తెచ్చుకున్నాక కూడా ఒక మాట వెంటపడుతుంది: కోటాలో వచ్చాడులే అని. ఆ మాట విన్న బిడ్డ ఇంటికొచ్చి మూగగా కూర్చుంటే ఏం చెప్పాలో మనకు తోచదు.

అందుకే బాబాసాహెబ్ జీవితాన్ని ఈసారి ఒక్క వైపు నుంచే చెబుతాను. మహాడ్ చెరువు, పూనా ఒప్పందం మీకు కొత్త కాదు. కాలేజీ గేటు దగ్గర ఆయనకు ఏం జరిగింది, ఆ గేటును ఆయన ఏం చేశాడు, ఇదొక్కటే ఇక్కడి సంగతి.

1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంటులో పుట్టాడు భీమ్. తండ్రి రామ్‌జీ సైన్యంలో సుబేదారు. సతారా బడిలో భీమ్ ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకుని వేరుగా కూర్చునేవాడు, సాయంత్రం దాన్ని మళ్ళీ ఇంటికి మోసుకెళ్ళేవాడు. బంట్రోతు పైనుంచి పోస్తేనే నీళ్ళు, బంట్రోతు రాని రోజు దాహమే. ఇదంతా మీరు విన్నదే. మార్కుల లెక్క ఎక్కడ మొదలవుతుందో గుర్తుంటుందని మళ్ళీ రాస్తున్నాను.

తర్వాత కుటుంబం బొంబాయి చేరింది. పరేల్‌లో కూలీల చాల్‌లో ఒకే ఒక్క గది. వంట, పడక, చదువు, వంటచెరకు, మేక, తిరగలి అన్నీ అందులోనే. ఇద్దరు కొడుకులను చదివించే స్తోమత లేక అన్న చదువు ఆగింది, పనికి వెళ్ళాడు. భీమ్ ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చేరాడు. ఇద్దరు పడుకునే చోటు లేదు కాబట్టి కొడుకు ముందు నిద్రపోయేవాడు. తెల్లవారుజామున రెండు గంటలకు తండ్రి కొడుకును లేపి తాను పడుకునేవాడు. పుస్తకం కావాలంటే రామ్‌జీ పెళ్ళైన కూతురి దగ్గరకు వెళ్ళి నగ అడిగి తెచ్చి తాకట్టు పెట్టేవాడు. సంస్కృతం నేర్చుకుంటానంటే అంటరానివాడికి చెప్పనన్నాడు పంతులు. పారశీకం తీసుకోవాల్సి వచ్చింది. ఒక రోజు లెక్క చేయమని బోర్డు దగ్గరకు పిలిస్తే తోటి పిల్లలు లేచి పరుగెత్తి, బోర్డు వెనక పెట్టుకున్న తమ అన్నం డబ్బాలు తీసేసుకున్నారు, ఇతని నీడ పడుతుందని.

1907లో మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. మార్కులు 750కి 282.

ఆ అంకె దగ్గర కాస్త ఆగండి. నూటికి 38 కూడా లేవు. ఇవాళ ఏ కార్పొరేట్ కాలేజీ ఫ్లెక్సీ మీదా ఈ ఫొటో ఉండదు. ఆ ఏడు బొంబాయిలో ఇంతకు రెట్టింపు తెచ్చుకున్న పిల్లలు ఉండే ఉంటారు. వాళ్ళకు ప్రత్యేకంగా గది ఉండి ఉంటుంది, దీపం ఉండి ఉంటుంది, సంస్కృతం చెప్పే పంతులూ ఉండి ఉంటాడు. మార్కుల కాగితం మీద మాత్రం ఇవేవీ కనిపించవు. పిల్లాడు ఎక్కడికి చేరాడో అది చెబుతుంది, ఎక్కడి నుంచి బయల్దేరాడో చెప్పదు. మన వాడలో వాళ్ళకు ఆ రెండో సంగతి తెలుసు, అందుకే ఆ 282కు సభ పెట్టి సన్మానం చేశారు. ఆ సభలో కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే పెద్దాయన మరాఠీలో తాను రాసిన బుద్ధుని జీవితచరిత్రను భీమ్ చేతిలో పెట్టాడు. తథాగతుడు బాబాసాహెబ్ ఇంట్లోకి అట్లా వచ్చాడు, 282 మార్కుల పుణ్యాన!

కాలేజీ ఫీజు కట్టే దారి లేనప్పుడు ఆ కేలూస్కరే బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ దగ్గరకు తీసుకెళ్ళాడు. నెలకు 25 రూపాయలు మంజూరయ్యాయి. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో ప్రొఫెసర్ ముల్లర్ పుస్తకాలూ బట్టలూ ఇచ్చాడు. కాలేజీ హోటలు వాడు మాత్రం టీ కాదు గదా, మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. అక్కడే బి.ఏ. పూర్తయింది. 1913 ఫిబ్రవరిలో తండ్రి చనిపోయాడు. ఆ ఏడే బరోడా సంస్థానం మూడేళ్ళకు నెలకు పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్ ఇచ్చి అమెరికా పంపింది. తిరిగొచ్చాక పదేళ్ళు బరోడాకు కొలువు చేయాలని ఒప్పందం.

ఇప్పుడు అడగండి, ఇది మెరిట్టా, కోటానా? పోటీ పరీక్షలో మొదటి ర్యాంకు తెచ్చుకుని ఆయన కొలంబియా వెళ్ళలేదు. అవకాశం లేని కులం నుంచి వచ్చిన చురుకైన కుర్రాడని ఒక రాజు తలుపు తీశాడు. ఇవాళ్టి భాషలో అది రాయితీయే. లోపలికి వెళ్ళాక ఏం చేశాడో చూడండి. మిగతా సబ్జెక్టులు అటుంచితే ఆర్థికశాస్త్రంలోనే 29 కోర్సులు, చరిత్రలో 11. 1915లో ఎం.ఏ., మరుసటి ఏడు పరిశోధన గ్రంథం సమర్పించాడు. జాన్ డ్యూయీ, సెలిగ్మన్ లాంటి వాళ్ళ దగ్గర చదివాడు.

ఆ కొలంబియా గురించే ఒక సంగతి చెప్పాలి. ఈయన వెళ్ళిపోయిన కొద్దేళ్ళకే అక్కడి డిగ్రీ కాలేజీలో యూదుల పిల్లలు పరీక్షల్లో బాగా నెగ్గి పెద్ద సంఖ్యలో చేరుతున్నారని పెద్దలకు గుబులు పట్టింది. అప్పటిదాకా మార్కులే ప్రమాణం. ఇక దరఖాస్తులో మతం, తండ్రి పుట్టిన ఊరు అడగడం, ఫొటో అంటించమనడం, నడవడిక చూస్తామనడం మొదలైంది. యూదు విద్యార్థుల సంఖ్య బాగా తగ్గిపోయింది. సెలిగ్మన్ కూడా యూదు కుటుంబం వాడే. మార్కులు మనవాళ్ళకు వచ్చినన్నాళ్ళు మార్కులు పవిత్రం, పైవాళ్ళకు రావడం మొదలైతే ఇంకేదో కొలబద్ద బయటికొస్తుంది. ఈ జబ్బు ఒక్క మన దేశానిదే అనుకోకండి.

1916లో లండన్ చేరాడు. స్కాలర్‌షిప్ గడువు అయిపోవడంతో మరుసటి ఏడే చదువు మధ్యలో వదిలి రావాల్సి వచ్చింది. బరోడాలో పెద్ద ఉద్యోగమే, అయినా ఉండటానికి గది దొరకలేదు. పార్సీ సత్రంలోంచి గెంటేశారు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యాడు. అక్కడ కూడా తోటి అధ్యాపకులు కుండలో నీళ్ళు తాగొద్దన్నారు. కొలంబియా చదువు చదివి వచ్చినవాడికే ఇది జరిగిందంటే, ఒకసారి పైకి వచ్చినవాడికి ఇక కులం అంటదు అనేవాళ్ళకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. జీతంలో మిగిల్చి, కొల్హాపూర్ శాహూ మహారాజ్ సాయం, పార్సీ మిత్రుడు నవల్ భథేనా దగ్గర అప్పు తీసుకుని 1920లో మళ్ళీ లండన్ వెళ్ళాడు. అరాకొరా తిండి, రోజంతా లైబ్రరీ. డి.ఎస్సీ. గ్రంథాన్ని పరీక్షకులు మొదట ఒప్పుకోలేదు. తిరగరాసి పంపాడు, 1923లో పట్టా వచ్చింది. ఇటు బొంబాయిలో రమాబాయి తల్లి పడిన పస్తులు ఆ పట్టా మీద రాసి లేవు.

ఇక్కడ నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. ఇంత కష్టపడి పైకొచ్చినవాడు, నేను రాలేదా, మీరూ రండి అని మనోళ్ళతో అనొచ్చు. అట్లా అనే పెద్దమనుషులను మీరూ నేనూ ఎరుగుదుం. ఆయన అట్లా అనలేదు. తన కథలో కేలూస్కర్, గైక్వాడ్, శాహూ, భథేనా తారసపడటం అదృష్టమని ఆయనకు తెలుసు. ఒక జాతి మొత్తం చదువు ఎవరో రాజు దయ మీద ఆధారపడకూడదు. దయ ఉన్న చోట హక్కు రావాలి. 1942లో వైస్రాయి కౌన్సిల్ సభ్యుడు కాగానే షెడ్యూల్డ్ కులాల కష్టాల మీద వినతిపత్రం ఇచ్చాడు, అందులో పై చదువుల ఖర్చును గట్టిగా పెట్టాడు. రెండేళ్ళకు కేంద్రం మెట్రిక్ తర్వాతి చదువులకు స్కాలర్‌షిప్‌లు మొదలుపెట్టింది, ఏడాదికి మూడు లక్షల రూపాయలతో. ఇవాళ మీ బిడ్డ అకౌంటులో పడే (పడాల్సిన!) స్కాలర్‌షిప్ డబ్బుకు మూలం అదే.

రాజ్యాంగం 1950లో అమల్లోకి వచ్చింది. ఉద్యోగాల్లో రిజర్వేషన్‌కు అందులో 16వ అధికరణం నాలుగో క్లాజు ఉంది. కాలేజీ సీట్లకు అట్లాంటి క్లాజు లేదు. ఆ ఖాళీలోంచే దెబ్బ వచ్చింది, అదీ మన నేల మీదే. అప్పుడు కోస్తా, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. రాష్ట్రం మొత్తానికి ప్రభుత్వ వైద్య కళాశాలలు నాలుగు, వాటిలో రెండు విశాఖపట్నం, గుంటూరు. అన్నిటికీ కలిపి సీట్లు 330. ప్రభుత్వ కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకు కలిపి 1, ముస్లింలకు 1.

మెడిసిన్ సీటు గురించి చంపకం దొరైరాజన్, ఇంజనీరింగ్ సీటు గురించి శ్రీనివాసన్ కోర్టుకెళ్ళారు. చంపకం అసలు దరఖాస్తే పెట్టలేదని సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. అయినా 1951 ఏప్రిల్ 9న ఏడుగురు న్యాయమూర్తులు ఆ జీవోను కొట్టేశారు. ఆ తీర్పులోనే మరో చిన్న వివరం ఉంది, ఎవరూ పెద్దగా చెప్పుకోరు. ఆ 330లో 12 సీట్లు ప్రభుత్వం తన ఇష్టప్రకారం ఇచ్చుకునేవి. ఆ పన్నెండు సీట్ల వల్ల ప్రతిభ మంటగలిసిందని కేసు వేయడానికి ఎవరికీ తోచలేదు. 14లో మనోళ్ళ 2 సీట్లే కంటిలో నలుసయ్యాయి.

బాబాసాహెబ్ అప్పుడు న్యాయశాఖ మంత్రి. పార్లమెంటులో ఆ తీర్పుతో ఏకీభవించలేనని తేల్చి చెప్పాడు. కాలేజీ ప్రవేశాల గురించి చెప్పే 29వ అధికరణంలో, కేవలం కులం, మతం లాంటి కారణాల మీద నిరాకరించరాదని ఉంది. ఆ కేవలం అనే ముక్కను కోర్టు పట్టించుకోలేదని ఆయన వాదన. బడి ముఖం చూడని తరాల వెనుకబాటును సరిచేయడానికి సీటు ఇస్తే, అది కేవలం కులం చూసి ఇచ్చింది ఎట్లా అవుతుంది? 1951 జూన్‌లో మొదటి సవరణతో 15వ అధికరణానికి నాలుగో క్లాజు చేరింది. షెడ్యూల్డ్ కులాలు, తెగలు, సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతుల పిల్లలకు కాలేజీ గేటు దగ్గర నిలబడే హక్కు ఆ క్లాజే. మీ బిడ్డను కోటా అని ఎవరన్నా అంటే ఆ క్లాజు నంబరు చెప్పమనండి.

అట్లాగని ఆయన పోటీని కాదన్నవాడు కాదు. ఉద్యోగాల క్లాజు మీద రాజ్యాంగ సభలో 1948 నవంబరులో మాట్లాడుతూ, రిజర్వు చేసే సీట్లు తక్కువ భాగంగానే ఉండాలని, లేకపోతే అందరికీ సమాన అవకాశం అన్న సూత్రమే మిగలదని ఆయనే చెప్పాడు. అవతలివాడి న్యాయాన్ని కూడా తూకంలో వేసుకున్న మనిషి.

ప్రవేశం గురించి ధమ్మంలో ఒక ఘట్టం ఉంది, మీ విహారంలో విని ఉంటారు. అనురుద్ధుడు, ఆనందుడు మొదలైన శాక్య రాకుమారులు దీక్షకు వచ్చారు, వెంట మంగలి ఉపాలి. సంఘంలో ముందు చేరినవాడికి తర్వాత చేరినవాడు నమస్కరించాలి. తమ శాక్య గర్వం అణగాలి, ముందు ఉపాలికి దీక్ష ఇవ్వండని రాకుమారులే అడిగారు. తథాగతుడు అట్లాగే చేశాడు. ఆ ఉపాలే తర్వాత వినయంలో అందరినీ మించాడు. రాజగృహంలో మొదటి సంగీతిలో వినయమంతా ఒప్పజెప్పింది ఆయనే. అక్కడ ఆయనను వరసలో ముందు ఎట్లా నిలబెట్టారని ఎవరూ తవ్వలేదు.

బాబాసాహెబ్ కట్టిన కాలేజీల్లోనూ ఈ గాలి ఉంది. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946 జూన్ 20న బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచాడు. పగలు పనికెళ్ళి బతికే కుర్రాళ్ళు చదువుకోవాలని పొద్దున్నే క్లాసులు పెట్టించాడు. అన్ని కులాల వాళ్ళకూ ప్రవేశం. 1950లో ఔరంగాబాదులో మరో కాలేజీ, అప్పుడది హైదరాబాద్ రాష్ట్రంలోని ఊరు. దానికి మిలింద అని పేరు పెట్టాడు, నాగసేనుణ్ణి ప్రశ్నలతో నిలేసిన రాజు పేరు.

అయితే లోపలికి వెళ్ళినవాళ్ళు ఏం చేశారన్న బాధ కూడా ఆయనకు మిగిలింది. 1956 మార్చిలో ఆగ్రాలో మాట్లాడుతూ, చదువుకుని పైకొచ్చిన మనోళ్ళు తమ పొట్ట తాము నింపుకోవడంలో పడి జాతిని మరిచారని ఆవేదన పడ్డాడు. ఈ ముక్క మన చదువుకున్న కుటుంబాల్లో ఎవరూ గట్టిగా చదవరు.

ఆ ఏడే అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష, డిసెంబర్ 6న మహాపరినిర్వాణం. ఆయన వెంట దీక్ష తీసుకున్న తల్లిదండ్రులకు కాలేజీ గేటు దగ్గర కొత్త చిక్కు ఎదురైంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులను, తర్వాత సిక్కులను మాత్రమే గుర్తించింది. బౌద్ధులమని రాసుకున్నవాళ్ళు కేంద్రం లెక్కలో ఎస్సీలు కాకుండా పోయారు. ఊళ్ళో కులం వాళ్ళను వదలలేదు, కాగితం మీద సీటు మాత్రం వదిలిపోయింది. 34 ఏళ్ళు అట్లా గడిచాక 1990లో ఆ ఉత్తర్వును సవరించి బౌద్ధులను చేర్చారు.

సీటు పోతుందేమోనన్న భయంతో ఇప్పటికీ కొందరు దరఖాస్తులో మతం దగ్గర హిందూ అని నింపుతున్నారు. అక్కర్లేదు. బౌద్ధం అని రాసినందుకు ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వమని ఏ ఆఫీసులోనైనా అంటే 1990 సవరణ పేరు చెప్పి, కారణం కాగితం మీద రాసివ్వమనండి. ఈ పని కౌన్సెలింగ్ వారంలో పెట్టుకోవద్దు. బిడ్డ ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగానే చేసేయండి.