సవరల పంతులుగారు: గిడుగు వెంకట రామమూర్తి

ఈ శతవార్షిక సంచికకు మన ప్రాంతపు పూర్వికులలో ఒకరి జీవితం వ్రాయమని సంపాదకవర్గంవారు కోరగా, నేను గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారిని ఎన్నుకొన్నాను. ఆయన మన సంఘస్థులు కారు. వాడుక భాష కోసం పోరాడిన యోధులుగా ఆయనను అందరూ ఎరుగుదురు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. అయితే మన కొండలలో జ్వరాలకూ అప్పులకూ నలిగిన సవరలకు ఆయన చేసిన సేవను తలచేవారు తక్కువ.

ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. ఉద్యోగరీత్యా చోడవరం బదిలీ అయి, 1875లో అక్కడే విషజ్వరంతో మరణించారు. అప్పటికి బాలునికి 12 ఏండ్లు. మేనమామగారింట ఉండి విజయనగరం మహారాజావారి పాఠశాలలో చదువుకొన్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ముగించి, మరుసటి సంవత్సరం పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. మన పాతపట్నానికి ఆనుకొని ఉన్న ఆ పట్టణం నాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోనిది. నేడు ఒడిశాలో ఉన్నది.

పర్లాకిమిడి వెనుక కొండలన్నీ సవరల నివాసాలు. వారి భాష తెలుగుకుగాని ఒడియాకుగాని చుట్టం కాదు, ముండా కుటుంబానికి చెందినది. ఆ భాష కింది నేలలోని షావుకారుకు రాదు, అమీనాకు రాదు, వైద్యునికీ రాదు. సంతకు చింతపండు మోసుకొచ్చిన సవర, షావుకారు చెప్పిన తూకానికే తల ఊపాలి. కాగితంలో ఏమున్నదో తెలియకుండా వేలిముద్ర వేయాలి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు భూమిమీద కూడ ఆంక్షలు మొదలైనవి. పంట అప్పుకు పోతే కడుపు మాడుతుంది, మాడిన కడుపున్న ఇంటిలో జ్వరం తిష్ఠ వేస్తుంది. పేదరికం, చదువు, భూమి, భాష మనిషి ఆయుస్సును నిర్ణయిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘం 2008లో పెద్ద నివేదిక వ్రాసింది. ఆ నివేదికకు నూరేండ్ల ముందే పంతులుగారు ఈ ముడిని ఒక కొసనుండి విప్పబూనారు.

ఆయన పట్టుకొన్న కొస భాష. సవర, తెలుగు రెండూ వచ్చిన ఒక మనిషిని తమ యింట ఉంచుకొని ఆ భాష నేర్చుకొన్నారు. నేర్చుకొందామంటే వ్యాకరణమూ లేదు, నిఘంటువూ లేదు. ఎన్నో ఏండ్లు శ్రమించి సవర పిల్లలకు పుస్తకాలు వ్రాశారు. తమ సొంత డబ్బుతో బడులు పెట్టి, అయ్యవార్లకు జీతాలిచ్చి, వారి భాషలోనే చదువు చెప్పించారు. బడిపంతులు జీతం ఎంతో మనకు తెలియనిది కాదు గదా!

గూడేలు తిరుగుతూ ఆయన మన్యపు జ్వరం తెచ్చుకొన్నారు. దోమ పొట్టలో మలేరియా క్రిమి ఉన్నదని రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనుగొన్నది 1897లో. అంతవరకు ఆ జ్వరం కొండగాలి దోషమనే జనుల నమ్మకం. మందు ఒక్కటే, క్వినైన్. అది ఎక్కువైతే చెవులు హోరెత్తి వినికిడి పోతుంది. పంతులుగారి చెముడు ఆ మందువలననే వచ్చిందని ఆయన చరిత్ర వ్రాసినవారు చెబుతారు. నాకు దీనిని చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. సవరలో గొంతులోనే ఆగిపోయే శబ్దాలున్నవి. వాటిని పట్టడానికి చెవే సాధనం. ఆ చెవి పోయినా ఆయన పని ఆగలేదు. కుమారులు సీతాపతిగారు తోడునిలిచారు.

మధ్యలో వ్యావహారిక భాషోద్యమం, శాసన పరిశోధన సాగినవి. వాటిని గురించి వ్రాసినవారు చాలామంది ఉన్నారు, నేను వదలుతున్నాను. (గ్రాంథికాన్ని అంతగా ఎదిరించిన మహనీయుని గురించి సగం గ్రాంథికంలో వ్రాస్తున్నానని నాకు తెలుసు. మా పాస్టర్ల కలానికి అది పాత అలవాటు.)

కొన్నేండ్ల క్రిందట ఒక సవర గూడలో ఒక అవ్వను చూడబోయాను. మూడురోజుల జ్వరం. ముందు వారం డోలీలో దించి ఆసుపత్రికి తీసుకువెళ్లారట, మాత్రలిచ్చారట. చూరులో గుడ్డమూట విప్పితే మాత్రలన్నీ అలాగే ఉన్నవి. ఎప్పుడు, ఎన్ని వేసుకోవాలో తెలుగులో చెప్పారు. అవ్వ తల ఊపింది. పక్కన కూర్చున్న నేనుకూడ తెలుగులోనే ప్రార్థన చేసి వచ్చాను. దానికీ అవ్వ అలాగే తల ఊపింది.

2004 ప్రాంతంలో మన రాష్ట్ర ప్రభుత్వం గిరిజన బడులలో మాతృభాషా బోధన మొదలుపెట్టినప్పుడు సవర వాచకాలు తెలుగు లిపిలో వచ్చినవి. పంతులుగారు ఆ పని తమ జీతపురాళ్లతో ఒంటరిగా చేసి అప్పటికి చాలా కాలమైనది.

ఆయన సవర వ్యాకరణం 1931లో వెలువడింది. 1933లో ఇంగ్లీషు–సవర నిఘంటువు వచ్చింది. 1934లో ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకమిచ్చి గౌరవించింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. దానిని గట్టిగా ఎదిరించిన ఆయన, ఆ రాష్ట్ర ప్రారంభదినాన ఆ ఊరిలో ఉండనొల్లక, తాముంటున్న ఇల్లు విడిచి రాజమహేంద్రవరం చేరారు. సవర కొండలు మాత్రం ఆ సరిహద్దుకు రెండువైపులా పడినవి. అప్పటికి ఆయనకు 72 ఏండ్లు, చెవులు వినబడవు, సవరలు దూరమైనారు. అయినా సవర–ఇంగ్లీషు నిఘంటువును పూర్తిచేసి 1938లో అచ్చు చూసుకొన్నారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.