సుత్తీ కలమూ పట్టిన అగ్రపీఠాధిపతి: పునీత డన్‌స్టన్

బంగారు దుకాణానికి వెళ్ళినప్పుడు వస్తువు మీద హాల్‌మార్క్ ముద్ర ఉందో లేదో చూసి మరీ కొంటాం. ఆ మాట మనకు లండన్ నగరంలోని స్వర్ణకారుల సంఘ భవనం నుండి వచ్చింది. పనివారు తెచ్చిన వస్తువులను ఆ భవనంలో పరీక్షించి, అవి ఏ సంవత్సరంలో పరీక్షకు వచ్చాయో తెలిపే ఒక అక్షరాన్ని వాటిమీద ముద్రించే పద్ధతి 1478లో మొదలయింది. 1660 వరకు ఆ అక్షరాన్ని ఏటా మే 19న మార్చేవారు. ఆ తేదీనే ఎందుకు ఎన్నుకున్నారు? అది పునీత డన్‌స్టన్ పండుగ రోజు. ఆయన స్వర్ణకారుల పాలక పునీతుడు. వెయ్యేళ్ళకు పూర్వం ఇంగ్లండు దేశానికి అగ్రపీఠాధిపతిగా ఉండి, లోహపు పని, పుస్తకపు పని రెండూ స్వయంగా చేసిన మనిషి. ఈ వారం ఆయన జీవితాన్ని మీ ముందుంచుతున్నాను.

డన్‌స్టన్ సుమారు 909వ సంవత్సరంలో, నైరుతి ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీ సమీపాన ఒక గొప్ప కుటుంబంలో జన్మించాడు. తండ్రి హెయోర్‌స్టన్, తల్లి కినెత్రిత్. గ్లాస్టన్‌బరీలోని పురాతన దేవాలయానికి ఐర్లండు నుండి యాత్రికులు వచ్చేవారు. వారిలో పండితులు ఉండేవారు, వారి వెంట పుస్తకాలు ఉండేవి. బాలుడైన డన్‌స్టన్ ఆ పుస్తకాలను ఆశగా చదివాడు. చదువుతోపాటు వ్రాయడం, బొమ్మలు గీయడం, హార్ప్ అనే తంత్రీవాద్యం వాయించడం, లోహాన్ని కరిగించి మలచడం నేర్చుకున్నాడు.

యువకుడిగా ఎథెల్‌స్టన్ రాజు కొలువులో చేరాడు. అక్కడ అసూయపరులు ఆయనను ఓర్వలేకపోయారు. అన్యమతస్థుల పాటలూ మంత్రాలూ నేర్చాడని నింద మోపి, కొట్టి, బురదగుంటలో పడవేశారు. తరువాత ఆయన పెండ్లి చేసుకోవాలా, సన్యాసం తీసుకోవాలా అని చాలాకాలం తడబడ్డాడు. బంధువైన విన్చెస్టర్ పీఠాధిపతి ఎల్ఫేజ్ సన్యాసం వైపే నడవమన్నాడు. డన్‌స్టన్ వినలేదు. ఆ రోజుల్లోనే ఒళ్ళంతా పొక్కులు లేచి, కుష్ఠు సోకిందేమోనని భయపడేంత జబ్బు చేసింది. కోలుకున్నాక మఠజీవితానికి తలవంచాడు.

గ్లాస్టన్‌బరీలో ఒక ఇరుకు గదిలో ఉంటూ ప్రార్థించేవాడనీ, అక్కడే కొలిమి పెట్టుకొని పనిచేసేవాడనీ చెబుతారు. ఆ గదిని గురించి ఒక కథ ఉంది. ఒక సాయంత్రం పిశాచి మారువేషంలో వచ్చి కిటికీ దగ్గర నిలబడి శోధించిందట. డన్‌స్టన్ తొందరపడక, పట్టుకారును నిప్పులో ఎర్రగా కాల్చి, దాంతో పిశాచి ముక్కు పట్టుకున్నాడట! ఇది ఆయన చనిపోయిన సుమారు నూరేళ్ళకు వ్రాతలోకి ఎక్కిన కథ. చరిత్రగా కాక కథగానే తీసుకుందాం. కానీ జనం ఆయనను తలచుకున్నప్పుడు చేతిలో పట్టుకారు ఉన్న మనిషిగా తలచుకున్నారన్నది గమనించండి.

ఆయన పనితనానికి మొదటి జీవితచరిత్రలోనే ఒక సాక్ష్యం ఉంది. ఎథెల్విన్ అనే కులీన స్త్రీ గురువులు పూజలో ధరించే స్తోల మీద బంగారు దారంతో కుట్టుపని చేయించదలచి, నమూనా గీసిపెట్టమని ఆయనను పిలిపించింది. ఆయన తన వాద్యాన్ని కూడా వెంట తీసుకెళ్ళాడు. పని జరుగుతుండగా గోడకు తగిలించిన ఆ వాద్యం దానంతటదే ఒక స్తుతిగీతం పలికిందని ఆ చరిత్రకారుడు వ్రాశాడు. ఆయన చేసిన గంటలు, ఆర్గన్ వాద్యాలు ఫలానా మఠాల్లో ఉండేవని తరువాతి శతాబ్దాలవారు చెప్పుకున్నారు. ఆయన చేతిదని నిశ్చయంగా చెప్పదగిన లోహపు వస్తువు ఒక్కటి కూడా నేడు మిగలలేదు.

పుస్తకం మాత్రం మిగిలింది. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో డన్‌స్టన్ పాఠపుస్తకంగా పేరుపొందిన ఒక ప్రతి ఉంది. వేర్వేరు కాలాల్లో వ్రాసిన భాగాలను కలిపి కుట్టిన పుస్తకమది. దాని మొదటి పుటలో క్రీస్తునాథుని రేఖాచిత్రం, ఆయన పాదాల చెంత సాగిలపడిన ఒక చిన్న సన్యాసి బొమ్మ ఉన్నాయి. సన్యాసి తలపైన డన్‌స్టన్‌ను కాపాడమని క్రీస్తును వేడుకునే రెండు పంక్తుల పద్యం ఉంది. ఆ పంక్తులు డన్‌స్టన్ స్వహస్తంతో వ్రాసినవేనని చాలామంది పండితుల అభిప్రాయం. అదే పుస్తకంలో రోమను కవి ఓవిడ్ కావ్యభాగం ఒకటి ఉంది. దాని చివరి పుటను అదే చేతివ్రాత పూరించింది. పుస్తకం అసంపూర్తిగా ఉంటే చూస్తూ ఊరుకోలేని చేయి అది.

ఆ కాలంలో పుస్తకం చేయడమంటే ఎంత శ్రమో ఆలోచించండి. దూడ తోలునో గొర్రె తోలునో సున్నపునీటిలో నానబెట్టి, బిగించి, గీకి పలుచటి పత్రం చేయాలి. బాతు ఈకను చెక్కి కలం చేయాలి. వ్రాసేవాడు రెండవ చేతిలో చిన్న కత్తి పట్టుకునేవాడు. తప్పు పడితే సిరాను ఆ కత్తితో గీకి, అక్కడే తిరిగి వ్రాసేవాడు. ఒక ప్రతిని చూసి మరొక ప్రతి వ్రాస్తారు గనుక, దిద్దని తప్పు రాబోయే ప్రతులన్నింటిలోకీ ప్రాకుతుంది.

940 తరువాత కొద్ది సంవత్సరాలకు ఎడ్మండ్ రాజు డన్‌స్టన్‌ను గ్లాస్టన్‌బరీ మఠాధిపతిగా నియమించాడు. అంతకుముందు చాడీలు విని ఆయనను కొలువు నుండి వెళ్ళగొట్టినవాడు ఈ రాజే. చెడ్డర్ కొండల్లో వేటాడుతుండగా గుర్రం లోయ అంచుదాకా దూసుకుపోయిందనీ, చావు ఎదుట నిలిచిన ఆ క్షణంలో డన్‌స్టన్‌కు చేసిన అన్యాయం రాజుకు జ్ఞాపకం వచ్చిందనీ చెబుతారు.

గ్లాస్టన్‌బరీలో డన్‌స్టన్ పునీత బెనెడిక్ట్ నియమావళిని పాటింపజేశాడు. ఆ నియమావళిలో చేతిపనివారికి ఒక అధ్యాయమే ఉంది. మఠంలోని పనివారు వినయంతో పనిచేయాలి. తన పనితనం చూసుకొని గర్వించేవాణ్ణి ఆ పని నుండి తప్పించాలి. మరొకచోట, మఠంలోని పనిముట్లను బలిపీఠం మీది పవిత్ర పాత్రలంత జాగ్రత్తగా చూసుకోవాలని ఉంది. అంటే సుత్తికీ పానపాత్రకూ ఒకే గౌరవం అన్నమాట. చేతిపని చేసేవాణ్ణి తక్కువగా చూసే అలవాటున్న మనం ఆ మాట దగ్గర కాసేపు ఆగాలి.

956లో ఎడ్విగ్ రాజును మందలించినందుకు డన్‌స్టన్ దేశభ్రష్టుడయ్యాడు. సముద్రం దాటి ఫ్లాండర్స్‌లోని గెంట్ పట్టణపు మఠంలో తలదాచుకున్నాడు. మరుసటి ఏడే ఎడ్గార్ ఆయనను తిరిగి పిలిపించాడు. వూస్టర్‌కు, లండన్‌కు పీఠాధిపతి అయి, ఎడ్గార్ యావద్దేశానికీ రాజయ్యాక కాంటర్‌బరీ అగ్రపీఠాన్ని అధిష్ఠించాడు. 960లో రోముకు వెళ్ళి జగద్గురువులు పన్నెండవ జాన్ పోపుగారి నుండి అధికార చిహ్నం అందుకున్నాడు. 973లో బాత్ పట్టణంలో ఎడ్గార్‌కు పట్టాభిషేకం చేశాడు.

ఇంత అధికారంలో ఉన్నప్పటి సంగతి ఒకటి దాచకుండా చెప్పాలి. దొంగ నాణేలు చేసిన ముగ్గురికి ఆనాటి చట్టం ప్రకారం చేతులు నరికే శిక్ష పడింది. పెంతెకోస్తు పండుగ కనుక శిక్షను వాయిదా వేశారు. అది జరిగేదాకా పూజ చేయనని డన్‌స్టన్ పట్టుబట్టాడని, నూరేళ్ళ పైబడిన తరువాత వ్రాసిన ఒక చరిత్రలో ఉంది. కల్తీ నాణెం ధనికుణ్ణీ పేదనూ అందరినీ దోచుకుంటుందన్నది ఆయన వాదన. లోహం తెలిసినవాడు గనుక కల్తీని సహించలేకపోయాడు. ఆ వాదన అర్థమవుతుంది. కానీ తన చేతులతో అన్ని అందాలు మలచిన మనిషి ఇతరుల చేతులు పోవాలని కోరాడన్న మాట చదివినప్పుడు నా మనసు కలతపడుతుంది. పునీతులు కూడా తమ కాలపు మనుష్యులే. వారి ప్రతి చర్యనూ అనుసరించమని శ్రీసభ మనకు చెప్పదు.

అందుకే నేను డన్‌స్టన్‌ను ఆయన వృద్ధాప్యపు ఉదయాల్లో చూడడానికి ఇష్టపడతాను. ఆయన్ను ఎరిగిన మొదటి చరిత్రకారుడు వ్రాసిన ప్రకారం, రాత్రి ప్రార్థనలు ముగిశాక, అక్షరం కనిపించేంత వెలుగు రాగానే ఆయన పుస్తకాలు ముందేసుకొని తప్పులు దిద్దేవాడు. తరువాతి సమయమంతా తగవులు తీర్చడానికి, విధవలను, అనాథలను, యాత్రికులను ఆదుకోవడానికి. దేశంలో రాజు తరువాత అంతటివాడు, ఎవడో లేఖకుడు జారవిడిచిన అక్షరాన్ని కత్తితో గీకి సరిచేస్తూ కూర్చునేవాడు. ఆ పని ఎవరికీ కనిపించదు. దిద్దిన పుస్తకం చదివేవాడికి అక్కడ తప్పు ఉండేదని కూడా తెలియదు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివేటప్పుడు అరిస్టాటిల్ బోధ ఒకటి నేర్చుకున్నాం. ఇల్లు కట్టగా కట్టగా మేస్త్రీ అవుతాడు, వీణ వాయించగా వాయించగా వైణికుడవుతాడు, న్యాయమైన పనులు చేయగా చేయగా న్యాయవంతుడవుతాడు. అప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టాను. విచారణ గురువునయ్యాక, జ్ఞానస్నాన రిజిస్టరు ముందు కూర్చున్నప్పుడు అర్థమయింది. తొందరలో నేను తప్పు వ్రాసిన ఒక పేరు, ఇరవై ఏళ్ళ తరువాత ఒక అమ్మాయి పెండ్లి కాగితాలకు అడ్డుపడింది. ఆ తండ్రి మూడుసార్లు నా గడప ఎక్కిదిగవలసి వచ్చింది. ఒక్క అక్షరం! ఆ నాటినుండి వ్రాసిన ప్రతి పేరునూ మరోసారి చదువుకుంటున్నాను.

988లో మోక్షారోహణ పండుగ నాడు డన్‌స్టన్ దివ్యబలిపూజ చేసి, ఆ ఒక్కరోజే మూడుసార్లు ప్రసంగించి, తన సమాధి స్థలాన్ని చూపించాడు. రెండు రోజుల తరువాత, మే 19, శనివారం నాడు కన్నుమూశాడు.

ప్రియ పాఠకులారా, మీ చేతిలో ఉన్నది కుట్టుమిషను కావచ్చు, తాపీ కావచ్చు, బడిలో సుద్దముక్క కావచ్చు, వంటింటి గరిటె కావచ్చు. రేపు తెల్లవారి దాన్ని చేతబట్టే ముందు ఒక్క క్షణం శిలువ గుర్తు వేసుకోండి. నిన్న చేసిన పనిలో దిద్దవలసింది ఏదైనా ఉంటే ముందు దాన్ని దిద్దండి. పునీత డన్‌స్టన్ మన చేతిపనుల కొరకు ప్రార్థించును గాక!