అడిగి తెలుసుకున్న అంధ సహాబీ: హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి)

మన ఇళ్ళలో కళ్ళు కనపడనివారో, చెవులు వినపడనివారో, కాళ్ళు చేతులు స్వాధీనంలో లేనివారో ఉంటే వారిని మనం ప్రేమగానే చూసుకుంటాం. వేళకు అన్నం పెడతాం. పండుగకు కొత్త బట్టలు కుట్టిస్తాం. ఆస్పత్రికి తీసుకెళతాం. కానీ ఒక విషయం గమనించండి. ఇంటికి వచ్చిన చుట్టం ఆ అబ్బాయి ఎలా ఉన్నాడో తెలుసుకోవాలనుకుంటే అబ్బాయిని అడగడు, పక్కనే ఉన్న తండ్రిని అడుగుతాడు. చదువు విషయమైనా, పెళ్ళి విషయమైనా, ఆస్తి పంపకమైనా అతని తరఫున ఇతరులే మాట్లాడేస్తారు. అతను అక్కడే కూర్చుని అంతా వింటూ ఉంటాడు.

ఇందులో తప్పేముంది అని మనకు అనిపించవచ్చు. అటువంటి వారందరూ తప్పక తెలుసుకోవలసిన ఒక సహాబీ జీవితాన్ని ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము. ఆయన కళ్ళు లేనివారు. అయినా తన మాట తానే చెప్పుకున్నారు. ఆయన నోరు విప్పి అడిగిన సందర్భాలలో రెండుసార్లు ఆకాశం నుండి వహీ దిగింది.

వంశం, ఇస్లాం స్వీకారం

మదీనావాసులు ఆయన్ని అబ్దుల్లాహ్ అని, ఇరాక్ వాసులు అమ్ర్ అని పిలిచేవారని చరిత్రకారులు రాశారు. తండ్రి పేరు ఖైస్ బిన్ జాయిదా. తల్లి మఖ్జూమ్ వంశానికి చెందిన ఆతికా. ఆమెను ఉమ్మె మక్తూమ్ అనేవారు. లోకం ఈయన్ని తల్లి పేరుతోనే ఇబ్నె ఉమ్మె మక్తూమ్ అని గుర్తుంచుకుంది. ఖురైష్ తెగలోని బనూ ఆమిర్ శాఖకు చెందినవారు. విశ్వాసుల మాత హజ్రత్ ఖదీజా (రజి)కు స్వయానా మేనమామ కొడుకు. మక్కాలో ఇస్లాం సందేశం వినిపించిన తొలి రోజుల్లోనే సత్యాన్ని గుర్తించి విశ్వసించిన అదృష్టవంతులలో ఆయన ఒకరు.

సూరయె అబస

అవి మక్కాలో దైవప్రవక్త (స) ఎంతో ఆవేదనతో ధర్మప్రచారం చేస్తున్న రోజులు. ఒకనాడు ఖురైష్ పెద్దలు కొందరు ఆయన (స) మాట వినడానికి కూర్చున్నారు. ఈ నాయకులు దారికి వస్తే వారి వెనుక ఉన్న వేలాదిమంది కూడా సన్మార్గం పొందుతారన్నది ఆయన (స) ఆశ. సరిగ్గా అదే సమయంలో ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అక్కడికి వచ్చారు. ఎవరెవరు కూర్చున్నారో ఆయనకు కనిపించదు. అల్లాహ్ నేర్పిన దానిలో నుండి తనకూ కొంత నేర్పమని అడిగారు, మళ్ళీ అడిగారు. సంభాషణ మధ్యలో తెగిపోతున్నందుకు ప్రవక్త (స) ముఖంలో కాస్త అయిష్టం కనబడింది. ఆయన (స) పెద్దల వైపే తిరిగి మాట కొనసాగించారు.

ఆ ముఖంలోని అయిష్టాన్ని ఆ అంధుడు చూడలేదు, చూడలేడు కూడా. ప్రవక్త (స) ఆయన్ని ఒక్క పరుష వాక్యమూ అనలేదు. కనుక ఆయన మనసు నొచ్చుకునే అవకాశమే లేదు. అయినా అల్లాహ్ ఊరుకోలేదు. దివ్యఖుర్ఆన్ 80వ సూరా ప్రారంభ ఆయతులు అవతరించాయి. తనకు ఎవరి అవసరమూ లేదనుకునే వాని కోసం శ్రమపడుతూ, దైవభీతితో పరుగెత్తుకుంటూ వచ్చినవాని పట్ల అశ్రద్ధ చూపడం తగదని వాటిలో అల్లాహ్ తన ప్రియ ప్రవక్త (స)కు బోధించాడు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ప్రవక్త (స) చేసింది పాపం కాదని, సదుద్దేశంతో తీసుకున్న నిర్ణయంలో మరింత శ్రేష్ఠమైన మార్గాన్ని అల్లాహ్ చూపించాడని ముఫస్సిర్లు వివరించారు. ఆ ఆయతుల్ని ఆయన (స) దాచుకోలేదు, ప్రజలకు చదివి వినిపించారు. మనం నేటికీ వాటిని నమాజుల్లో పఠిస్తున్నాం. ఆ తరువాత ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) ఎప్పుడు వచ్చినా ప్రవక్త (స) ఎంతో ఆదరించి, ఆయన అవసరమేమిటో ఆయన్నే అడిగేవారని ఉల్లేఖనాల్లో ఉంది.

మదీనాకు తొలి గురువు

మదీనాలో ఇస్లాం వ్యాపిస్తున్నప్పుడు అక్కడివారికి ఖుర్ఆన్ నేర్పేవారు కావలసి వచ్చారు. మక్కా నుండి తమ వద్దకు అందరికంటే ముందు వచ్చినవారు ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి), ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అని, వారిద్దరే తమకు ఖుర్ఆన్ నేర్పసాగారని అన్సారీ సహాబీ హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (రజి) తెలియజేశారు. ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. బిలాల్ (రజి), అమ్మార్ (రజి), ఉమర్ (రజి) వంటి మహామహులు ఆ తరువాత వచ్చారు. అంటే ప్రవక్త (స) హిజ్రత్ చేసి 622లో మదీనా చేరకముందే ఒక అంధుడు అక్కడ గురువు స్థానంలో కూర్చున్నాడు. ఆయన ఎవరి దయ మీదో కాలం గడిపే మనిషిగా ఆ ఊరికి పరిచయం కాలేదు, విద్య నేర్పే ఉస్తాదుగా పరిచయమయ్యారు.

తెల్లవారిందని చెబితే చాలు

మస్జిదె నబవీలో అజాన్ ఇచ్చే గౌరవం హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు ఈయనకూ దక్కింది. రమజాన్‌లో బిలాల్ (రజి) రాత్రి ఉండగానే అజాన్ ఇచ్చేవారు. అది విన్నాక కూడా ప్రజలు సహరీ తినవచ్చు. ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అజాన్ వినిపించాక మాత్రం తినడం ఆపెయ్యాలి. ప్రవక్త (స) చేసిన ఏర్పాటు ఇది.

ఒక్కసారి ఆలోచించండి. ఉషోదయపు వెలుగును చూసి చెప్పవలసిన బాధ్యత అది. దాన్ని వెలుగు చూడలేని వ్యక్తికి అప్పగించారు! ఎలా సాధ్యమైంది? తెల్లవారిందని పక్కవారు ఆయనకు చెప్పేవారు, అప్పుడు ఆయన అజాన్ ఇచ్చేవారు. ఇదీ హదీసులో ఉన్న వివరమే. కళ్ళున్నవారు చేసిన సాయం ఒక్క మాట. అజాన్ మాత్రం ఆయనదే, గొంతు ఆయనదే. ఆయనకు కనబడదు కదా అని మైకు లాక్కున్నట్లు ఆ స్థానాన్ని ఎవరూ తీసేసుకోలేదు. సాయం చేయడానికి, ఒకరి స్థానాన్ని ఆక్రమించడానికి మధ్య ఉన్న తేడా ఈ చిన్న సంఘటనలో ఉంది.

ఎముక మీద చేరిన మాట

ఇంటిపట్టున కూర్చుండిపోయే విశ్వాసులు, అల్లాహ్ మార్గంలో తమ ధనప్రాణాలతో పోరాడేవారు సమానులు కారనే భావంగల అన్-నిసా సూరా 95వ ఆయతు అవతరించింది. ప్రవక్త (స) హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) చేత దాన్ని రాయిస్తున్నారు. ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అది విన్నారు. శక్తి ఉంటే తానూ తప్పక జిహాద్‌కు వెళ్ళేవాడినని విన్నవించుకున్నారు. తనలాంటి వారి సంగతేమిటన్నది ఆయన ప్రశ్న.

అప్పుడు ప్రవక్త (స) తొడ జైద్ (రజి) తొడ మీద ఆని ఉంది. మళ్ళీ వహీ దిగసాగింది. ఆ బరువుకు తన తొడ నలిగిపోతుందేమో అనిపించిందట జైద్ (రజి)కు. వహీ ముగిసింది. అంగవైకల్యం వంటి కారణాలున్నవారికి మినహాయింపునిచ్చే పదాలు ఆ ఆయతులో చేరాయి. అప్పట్లో జంతువుల భుజం ఎముకల మీద కూడా రాసేవారు. ఆ ఎముకకు ఒక పగులు ఉంది. దాని దగ్గర ఈ పదాలు చేర్చిన చోటు ఇప్పటికీ తన కళ్ళ ముందు ఉన్నట్లే ఉందని జైద్ (రజి) తరువాతి కాలంలో చెప్పుకునేవారు.

అల్లాహ్ సర్వం తెలిసినవాడు. తన దాసుల అశక్తత ఆయనకు ఎవరూ చెప్పనవసరం లేదు. అయినా ఆ దాసుడు సభలో నోరు విప్పి తన బాధ చెప్పుకున్న తరువాతే ఆ పదాలు అవతరింపజేశాడు. ప్రళయం వరకు పుట్టబోయే కోట్లాది వికలాంగులకు దక్కిన ఆ మినహాయింపు చరిత్రలో ఒక అంధుని ప్రశ్నతో ముడిపడి ఉంది. ఇది మామూలు గౌరవమా?

ఇద్దరు అడిగారు, రెండు జవాబులు

మరోసారి ఆయన నమాజు గురించి అడిగారు. ఇల్లు దూరం, చెయ్యి పట్టి మస్జిద్‌కు నడిపించే అనుకూలమైన మనిషి లేడు, దారిలో విషపురుగుల భయం. ఇంట్లోనే నమాజు చేసుకోవచ్చా అని అడిగారు. ప్రవక్త (స) మొదట అనుమతించి, ఆయన వెనుదిరిగి వెళుతుండగా పిలిచి అజాన్ వినబడుతుందా అని అడిగారు. వినబడుతుందన్నారు. అయితే రావలసిందేనన్నారు.

హజ్రత్ ఇత్బాన్ బిన్ మాలిక్ (రజి) అనే మరో సహాబీ ఉన్నారు. ఆయన తన వాళ్ళకు ఇమామ్. చూపు మందగించింది. వాన పడితే మధ్యలోని వాగు పొంగి దారి మూసుకుపోయేది. ప్రవక్త (స) తమ ఇంటికి వచ్చి ఒకచోట నమాజు చేస్తే దాన్నే తన నమాజు స్థలం చేసుకుంటానని కోరారు. ప్రవక్త (స) హజ్రత్ అబూబక్ర్ (రజి)ని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళారు. ఎక్కడ నమాజు చేయమంటావని ఇత్బాన్ (రజి)నే అడిగి, ఆయన చూపిన చోట రెండు రకాతులు చేశారు.

నడిపించేవారు లేని అంధునికి జమాఅత్ విషయంలో సడలింపు ఉందని, ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి)కి మాత్రం ఉత్తమమైన దాన్ని సూచించారని చాలామంది పండితులు వివరించారు. మనం గ్రహించవలసినది ఇంకొకటి కూడా ఉంది. ఇద్దరికీ చూపు సమస్యే. ఇద్దరూ స్వయంగా వచ్చి తమ పరిస్థితి చెప్పుకున్నారు. ఇద్దరి మాటా ప్రవక్త (స) ఓపిగ్గా విన్నారు. వికలాంగులందరినీ ఒకే గాటన కట్టి ఒకే తీర్పు ఇవ్వలేదు.

పట్టణ బాధ్యత, చివరి రోజులు

ప్రవక్త (స) యుద్ధాలకు వెళ్ళేటప్పుడు ఎన్నోసార్లు మదీనాలో ఈయన్ని తమ ప్రతినిధిగా నిలిపారు. బద్ర్‌కు బయలుదేరినప్పుడు, ఉహుద్ నాడు, వెనుక మిగిలినవారికి నమాజు చేయించే బాధ్యత ఈయనదే. అలా పదమూడుసార్లు నియమించారని కూడా చరిత్రకారులు రాశారు.

జిహాద్ నుండి మినహాయింపు తన కారణంగానే అవతరించినా ఆయన దాన్ని సాకుగా చేసుకోలేదు. తాను పారిపోలేని అంధుడిని కనుక జెండా తన చేతికిచ్చి రెండు వరుసల మధ్య నిలబెట్టమని కోరేవారట. హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో, 636 ప్రాంతంలో ఇరాక్ నేలపై పర్షియా సేనలతో ఖాదిసియా యుద్ధం జరిగింది. ఆ రోజు కవచం తొడుక్కుని, నల్లజెండా పట్టుకుని నిలబడిన ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి)ని తాను చూశానని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. అక్కడే షహీద్ అయ్యారని కొందరు, మదీనాకు తిరిగి వచ్చి మరణించారని కొందరు రాశారు.

మన సంగతి ఏమిటి?

ప్రియ పాఠకులారా! ఇతరులకు చెప్పేముందు మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక జుమా తరువాత కళ్ళు కనపడని యువకుడొకడు తమ్ముని భుజం పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. అతను హాఫిజ్. తాను ఇమామత్ చేయవచ్చా అని అడిగాడు. మేము తమ్ముని ముఖం చూస్తూ, మీ అన్నకు ఇలా చెప్పు అన్నట్లుగా జవాబిచ్చాము. అడిగింది తానేనని ఆ యువకుడు మెల్లగా అన్నాడు. మదరసాలో సూరయె అబస తఫ్సీర్ ఎన్నిసార్లు చదివామో! ఆ రోజు మాత్రం అది మా కోసమే దిగినట్లనిపించింది. క్షమాపణ చెప్పి, ఈసారి అతని వైపే తిరిగి మాట్లాడాము. అంధుని ఇమామత్ చెల్లుతుంది. శుభ్రత విషయంలో పొరపాటు జరగవచ్చన్న భయంతో హనఫీ ఫిఖహ్ గ్రంథాలు దాన్ని కాస్త అయిష్టకరమన్నాయి. కానీ అక్కడున్న వారందరిలో అతనే ఎక్కువ విద్య గలవాడైతే ఆ అయిష్టత కూడా లేదని వివరించాయి. దానికి ఆధారం ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) జీవితమే.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులున్నారు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చట్టం హక్కు ఇస్తుంది. కానీ ఇంట్లో మాట్లాడే అవకాశం ఇవ్వవలసింది మనమే.

సదరం క్యాంపుకు తీసుకెళ్ళినప్పుడు డాక్టరు అడిగిన దానికి ముందు వారినే జవాబు చెప్పనివ్వండి. మాట రానివారైతే సైగలకు సమయమివ్వండి. మస్జిద్ కమిటీవారు మెట్ల పక్కన వాలుదారి కట్టేముందు, వుజూ చోటు మార్చేముందు చక్రాల కుర్చీలో వచ్చే నమాజీని పిలిచి అడగండి. మీ కూతురికి చూపు లేదని నికాహ్ సమయంలో ఆమె సమ్మతిని మీరే ఊహించుకోకండి. షరీఅత్ ఆమెకిచ్చిన హక్కు అది. వారసత్వంలో వికలాంగ సోదరుని వాటా మా దగ్గరే ఉంటుందిలే అని అతన్ని అడగకుండా ఉంచేసుకోకండి. అతను అడగలేకపోయినా అల్లాహ్ అడుగుతాడు.

మన ముఖంలోని విసుగును కళ్ళులేనివారు చూడలేకపోవచ్చు. చూసేవాడొకడున్నాడని సూరయె అబస మనకు గుర్తు చేస్తూనే ఉంటుంది.

బలహీనుల మాట వినే చెవులను, వారి హక్కును వారికిచ్చే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.