మూడవ సాలార్‌జంగు

సూరతు రేవునుండి తూర్పునకు సాగిన ఓడలలో గుజరాతు పటోలా వస్త్రములు జావా ద్వీపమునకు చేరుచుండెడివి. అచ్చటి కులీనులు వానిని పెట్టెలలో భద్రపరచి బిడ్డల కప్పగించెడివారు. వానితోపాటు ఆ యిండ్లలో కాపాడబడిన మరియొక సొత్తు క్రిస్ అను కత్తి. కొన్ని పామువలె వంకులు తిరిగినవి, కొన్ని తిన్ననివి. పిడిని కొయ్యతోగాని, కొమ్ముతోగాని, దంతముతోగాని ముచ్చటగా చెక్కుదురు. తండ్రి కత్తి కొడుకునకు చెందవలెనని వారి ఆచారము.

ఇట్టి వంశపు సొత్తులను దేశదేశములనుండి కూడబెట్టిన ప్రభు వొకడు హైదరాబాదున నుండెను. ఆయనకు మాత్రము అప్పగించుటకు కొడుకు లేడు.

నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889 జూన్ 13న పుణెలో జన్మించెను. నెల తిరుగకమునుపే తండ్రియగు రెండవ సాలార్‌జంగు మరణించెను. తాతయగు మొదటి సాలార్‌జంగు 1853 మొదలు 1883 వరకు దివానుగా నుండి నిజాము రాజ్యమును చక్కదిద్దినవాడు. ఆ వంశపు పసివానిని ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆదరించెను. 1912లో ఏడవ నిజాము ఆయనకు దివానుగిరి నిచ్చెను. అప్పటికి ఆయన వయస్సు 23 ఏండ్లు. 1914లోనే ఆ పదవిని విడిచెను. వివాహమాడలేదు.

పిమ్మట 35 ఏండ్లు వస్తుసేకరణయే ఆయన వ్రతమయ్యెను. వర్తకులు దివాన్ దేవిడీకి మూటలతో వచ్చుచుండెడివారు. ఆయన స్వయముగా ఐరోపాకు పోయి కొనితెచ్చినవియు గలవు. కొన్నదెల్ల మేలిమియని చెప్పజాలము. గడియారములు, పింగాణి, బొమ్మలు మున్నగువానిలో ఏరుటకంటె పోగుచేయుటయే ఎక్కువగా కానవచ్చును. ఆయుధముల విషయ మట్లు కాదు. జహంగీరు పచ్చరాతిపిడి బాకు, నూర్జహాను పండ్లుకోసుకొను చాకు అందున్నవి. ఔరంగజేబు, టిప్పు సుల్తాను, రామదాసును చెరబెట్టిన తానీషా పేర్లతో చెప్పబడు ఆయుధములును గలవు.

చూపరులు పిడిలోని రత్నములను చూచి అలుగును మరతురు. తెలంగాణమున కోనసముద్రపు కొలిమిలలో తయారైన ఉక్కుకై పారశీక వర్తకు లంతదూరము వచ్చెడివారు. అట్టి ఉక్కుతో చేసిన అలుగుపై నీటిచారలు మెరయును. జావా క్రిస్‌పైనను చారలుండును గాని, అవి వేరువేరు లోహములను పొరలుగా మడిచి సాగగొట్టుటచే కలుగును. మన ఉక్కు చారకు మూసలో మెల్లగా చల్లారునపుడే బీజము పడును.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరెను. అరసంవత్సరము గడవకమునుపే, 1949 మార్చి 2న నవాబు కన్నుమూసెను. సంతానము లేదు, బంధువు లనేకులు. వాటాలు వేసినచో ఒకని జీవితకాలపు కూర్పు వాకిళ్లకు చెదరిపోవలసినదే. సేవకుల చేతివాటమున కొన్ని, స్థలము మార్చునపుడు కొన్ని పోయినవనియు ప్రతీతి. ప్రభుత్వ మొక సంఘము నేర్పరచి ఆస్తిని కాపాడెను. కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ వస్తువులను అమర్చుటకు తోడ్పడెను. 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలోనే ప్రదర్శనశాలను ప్రారంభించెను.

వారసులతో రాజీ కుదురుటకు మరి ఏడేండ్లు పట్టెను. 1958లో వారు తమ హక్కును వదలుకొనగా సేకరణ భారత ప్రభుత్వమునకు చెందెను. 1961లో పార్లమెంటు చట్టముచే అది జాతీయ ప్రాముఖ్యముగల సంస్థయయ్యెను. 1968లో ఆ కత్తులు, బాకులు, తక్కిన సుమారు 43 వేల కళావస్తువులతో కూడ మూసీ దక్షిణపుటొడ్డున కట్టిన క్రొత్త భవనమునకు చేరినవి.