బంతి చేరువలో లేని వేళ

ఫుట్‌బాల్ చూచేవారి కన్ను బంతి వెంట పరుగెత్తడం సహజం. బంతిని విడిచి, ఇరవై ఇద్దరు ఆటగాళ్లలో ఒక్కనినే ఆటంతా చూపవలెనని హెల్ముట్ కోస్టార్డ్ అనే జర్మన్ దర్శకుడు సంకల్పించినాడు. 1970 సెప్టెంబరు 12న ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్ జట్టు కవెంట్రీ సిటీతో తలపడినప్పుడు, ఆయన నియమించిన ఎనిమిది కెమెరాలు జార్జి బెస్ట్‌ను విడువలేదు. 1971లో వెలువడిన ఆ చిత్రాన్ని ఇటీవల చూచినాను.

మొదటి పావుగంట విసుగు కలిగిన మాట దాచను. ఆ యువకుడు నడుస్తాడు, నిలుస్తాడు, ఎటో చూస్తాడు. ఎవరు ఎవరికి బంతి అందించినదీ తెలియదు. ఇంతలో బంతి వచ్చి పాదాలను తాకుతుంది. ఆ బక్కపలుచని దేహం ఒక్కసారిగా మేలుకొంటుంది. రెండు మూడు క్షణాలు, అంతే. మఱల నడక. మన ఆలంకారికులు స్వభావోక్తిని కూడ అలంకారాలలో ఎందుకు చేర్చినారో ఆ వేళ నాకు స్ఫురించినది.

బెస్ట్ 1946 మే 22న ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ నగరంలో జన్మించినాడు. తండ్రి ఓడల కర్మాగారంలో కార్మికుడు; తల్లి ఆన్ హాకీ క్రీడాకారిణి. పదునైదవ యేట మాంచెస్టర్‌కు పిలుపు వచ్చినది. ఇంటిమీది బెంగతో రెండు రోజులకే తిరిగివచ్చిన ఆ బాలుడు మళ్లీ ధైర్యం చేసి వెళ్లినాడు. అక్కడి గురువు మాట్ బజ్బీ, 1958లో మ్యూనిక్ విమాన ప్రమాదంలో ఎనిమిదిమంది ఆటగాళ్లను పోగొట్టుకొని, తానూ చావు తప్పి బయటపడి, జట్టును తిరిగి నిర్మిస్తున్నవాడు. ఆయన చేతిలో బెస్ట్ 1963లో, పదునేడేండ్ల ప్రాయంలో, తొలి పోటీ ఆడినాడు. 1966లో లిస్బన్‌లో బెన్ఫికా జట్టుపై మొదటి పన్నెండు నిమిషాలలోనే రెండు గోళ్లు కొట్టేసరికి, పత్రికలవారు అతని జుట్టును చూచి బీటిల్స్ గాయకులతో జతచేసినారు. 1968లో అదే బెన్ఫికాను వెంబ్లీలో ఓడించి యునైటెడ్ యూరప్ కప్పు గెలిచినది. ఆ యేడే యూరప్‌లో ఉత్తమ ఆటగానిగా బంగారు బంతి బెస్ట్‌ను వరించినది. అప్పటికి ఇరవై రెండేండ్లు!

తరువాతి కథ లోకవిదితమే. మద్యం, అభ్యాసానికి రాకపోవడం, మాయమైపోవడం. 1974 జనవరిలో, ఇరవై యేడేండ్లకే, యునైటెడ్‌తో బంధం తెగినది. ఆ జట్టుకు 470 పోటీలలో 179 గోళ్లు చేసినవాడు, పిమ్మట ఊరూర చిన్న జట్లలో తిరిగినాడు. నడివయసులో మద్యానికి లోబడిన తల్లి 1978లో కన్నుమూసినది. ఆ మరణమైనా కుమారుని ఆపలేదు. 1984లో చెరసాల, 2002లో కాలేయ మార్పిడి, అటుపైనా మద్యమే. 2005 నవంబరు 25న, యాభై తొమ్మిదవ యేట, లండన్‌లో మరణించినాడు. మరుసటి సంవత్సరం బెల్‌ఫాస్ట్‌లోని ఒక విమానాశ్రయానికి అతని పేరు పెట్టినారు.

ఈ చరిత్ర తెలిసిన మనం ఆ చిత్రం చూస్తూ, తెరమీద ఒంటరిగా నిలిచిన యువకునిలో రానున్న పతనాన్ని వెదకుతాము. నేనూ వెదకినాను. అది న్యాయం కాదని కొంతసేపటికి తోచినది. మైదానపు అంచున ఆడే ప్రతివాడూ బంతికోసం అలాగే ఒంటరిగా నిలుస్తాడు. తక్కినవారిని కెమెరా తొలగించినది గనుక ఇతడు ఏకాకి అయినాడు. జీవితచరిత్రకారులు బెస్ట్ కథను చివరినుండి వెనుకకు వ్రాస్తారు. ఈ చిత్రానికి మాత్రం చివర ఏమో తెలియదు. 1970 నాటి ఆ మధ్యాహ్నం అతడు ఇరవై నాలుగేండ్లవాడు, ఆరోగ్యవంతుడు, తల్లి బ్రతికి ఉన్నది.

ఆ ఆటలో యునైటెడ్ 2–0తో గెలిచినది. ఒక గోలు బాబీ చార్ల్‌టన్‌ది, మరొకటి బెస్ట్‌ది. చిత్రం ముగిసిన పిదప, ఆ రెండవదానిని మఱొకసారి వేసుకొని చూచినాను.