పైలట్ల మణికట్టుపై లెక్కల యంత్రం: విల్లీ బ్రైట్‌లింగ్ జీవితం

గగనతలంలో వేగమెంత, ఇంధనం ఎంత ఖర్చవుతోంది, గమ్యం చేరడానికి ఎంత సమయం పడుతుంది? కంప్యూటర్లు లేని కాలంలో ఈ లెక్కలన్నీ పైలట్ చేతి గడియారం మీదే తేల్చుకునే వీలు కల్పించిన స్విట్జర్లాండ్ గడియారాల తయారీదారు విల్లీ బ్రైట్‌లింగ్. ఆయన 1913లో జన్మించారు. తాత లియోన్ 1884లో జూరా పర్వత ప్రాంతంలోని సెంటిమియేలో నెలకొల్పిన సంస్థ, తరువాత లా షో ద ఫోన్ పట్టణానికి తరలింది.

తండ్రి గాస్టన్ 1927లో మరణించేనాటికి విల్లీ ఇంకా బాలుడు. ఐదేళ్లపాటు సంస్థను బయటివారే నడిపారు. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయిన 1932లో, 19 ఏళ్ల ప్రాయంలో ఆయన ఆ భారాన్ని తలకెత్తుకున్నారు. రెండేళ్లు తిరగకుండానే, ముల్లును సున్నాకు చేర్చడానికి ప్రత్యేకంగా రెండో బటన్ ఉన్న క్రోనోగ్రాఫ్‌కు సంస్థ పేటెంట్ పొందింది. 1938లో కాక్‌పిట్ గడియారాల కోసం ఒక విభాగాన్నే ప్రారంభించారు. అవి ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచేవి. అందుకే ఆ విభాగానికి ఫ్రెంచిలో ఎనిమిది అని అర్థమిచ్చే 'విట్' అనే పేరు పెట్టారు.

ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చినది మాత్రం 1952లో రూపుదిద్దుకున్న నావిటైమర్. డయల్ చుట్టూ గుండ్రని స్లైడ్ రూల్ అమర్చడం దాని ప్రత్యేకత. నేటి యువతకు స్లైడ్ రూల్ తెలియకపోవచ్చు. కాలిక్యులేటర్లు రాకముందు ఇంజనీరింగ్ విద్యార్థుల చేతిలో తప్పనిసరిగా కనిపించిన పరికరమది. ఇక్కడ గడియారపు అంచును తిప్పితే చాలు, గుణకార భాగహారాలు జరిగిపోతాయి. మైళ్లు కిలోమీటర్లుగా మారతాయి. అమెరికా విమాన యజమానులు, పైలట్ల సంఘం దీనిని స్వీకరించింది.

వ్యోమగామి స్కాట్ కార్పెంటర్ కోరిక ఇంకొంచెం భిన్నమైనది. కక్ష్యలో గంటన్నరకొక సూర్యోదయం కనిపిస్తుంది. పన్నెండు గంటల డయల్ చూస్తే పగలో రాత్రో తెలియదు. ఆయన కోసం 24 గంటల డయల్ తయారైంది. 1962 మే 24న అది ఆయనతోపాటు భూమిని మూడుసార్లు చుట్టింది. అంతరిక్షాన్ని తట్టుకున్న ఆ గడియారం, తిరిగి వచ్చాక సముద్రపు నీటికి పాడైపోవడం విచిత్రం.

1969 మార్చిలో హోయర్ తదితర సంస్థలతో కలిసి విల్లీ ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్‌ను ప్రపంచం ముందుంచారు. పోటీదారులతో చేతులు కలపడానికి ఆయన వెనుకాడలేదు. అయితే అదే ఏడాది డిసెంబరులో జపాన్ నుంచి క్వార్ట్జ్ చేతి గడియారం వచ్చింది. ఆ దెబ్బకు స్విస్ కార్ఖానాలు వరుసగా మూతపడ్డాయి. అనారోగ్యం కూడా తోడవడంతో విల్లీ 1979లో సంస్థ పేరును, హక్కులను ఎర్నెస్ట్ ష్నైడర్‌కు అమ్మివేశారు. ష్నైడర్ స్వయంగా పైలట్. ఆ ఏడాదే విల్లీ కన్నుమూశారు. నావిటైమర్ తయారీ నేటికీ కొనసాగుతోంది.